తొట్టి లైట్ల రోగం ఎర్తులో ఉంది

మా ట్రాక్టర్ తొట్టికి ఈ సీజన్లో వింత రోగం పట్టుకుంది. బ్రేకు తొక్కితే ఎడమ వైపు బ్రేకు లైటు వెలగదు, దాని బదులు ఎడమ ఇండికేటర్ సన్నగా వెలుగుతుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడి వైపు టెయిల్ ల్యాంపు కూడా దాంతో పాటు కొట్టుకుంటుంది. పార్కింగ్ లైట్లు వేస్తే కుడిది బాగానే ఉంటుంది, ఎడమది మాత్రం అగరొత్తి నిప్పంత కనబడుతుంది. ఒక్కోసారి గతుకులో పడగానే కాస్త సర్దుకుంటాయి. ఇంకో గతుకు రాగానే మళ్లీ మొదటికొస్తాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. వంశధార పక్కన పొలాలు. ధాన్యం నూర్పులు మొదలయ్యాక మా తొట్టికి తీరికుండదు. పగలంతా కళ్లాల నుంచి మండికి బస్తాలు, సాయంత్రమైతే ఇటుకో గడ్డో. తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో దానికి మంచు తోడవుతుంది. ఒక రాత్రి మా డ్రైవర్ కుర్రాడు వచ్చి, "అన్నా, వెనకాల బైకు మీద వచ్చినోడు ఆపి మరీ తిట్టాడు. బ్రేకు కొట్టినట్టే తెలీలేదంట. తొట్టికి జానెడు దూరంలో ఆగాడంట" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం బండి వెనక ఎర్ర దీపాలు 155 మీటర్ల దూరం నుంచి కనబడాలి. ఆ అంకె చదివి వదిలేస్తే ఏమీ అనిపించదు గానీ, లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు 16 మీటర్ల పైన దూసుకొస్తుంది. 155 మీటర్ల దగ్గర మన లైటు కనబడితే వాడికి తొమ్మిది సెకన్లు దొరుకుతాయి. లైటు లేదనుకుందాం. బురద కొట్టుకుపోయిన తొట్టి తలుపు వాడి హెడ్‌లైటు వెలుగులో 30 మీటర్ల దగ్గర కనబడిందంటే చేతిలో రెండు సెకన్లు కూడా ఉండవు. వాడు చూసి, గుర్తుపట్టి, బ్రేకు మీద కాలు వేసేలోపే ఒక సెకను అయిపోతుంది. మా వైపు రోడ్ల మీద రాత్రిపూట తొట్టి వెనక్కి గుద్దుకున్న వాళ్ల ఇళ్లు నేను చూశాను. అందుకే దీన్ని చిన్న రిపేరని నేను అనుకోను.

మొదట టౌనులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపించాను. ఆయన ఎడమ వైపు బల్బులు మార్చాడు, తర్వాత ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ మార్చాడు. ఒక కొసకు క్లిప్పు, ఇంకో కొసకు ముల్లు ఉండే టెస్ట్ ల్యాంపు తెచ్చి, క్లిప్పు ట్రాక్టర్ బాడీకి తగిలించి, ముల్లు ఎడమ హోల్డర్లో పెట్టి చూపించాడు. ల్యాంపు ధగధగా వెలిగింది. "చూడు బాబూ, సప్లై ఫుల్లుగా ఉంది. వైరింగులో ఏ లోపం లేదు" అన్నాడు. షెడ్డులో కదిపి కదిపి చూస్తే లైట్లు కూడా వెలిగాయి. బస్తాలు ఎత్తుకుని రోడ్డెక్కగానే మళ్లీ అదే తంతు. రెండోసారి పంపితే కాంబినేషన్ స్విచ్ మార్చి, వైరింగ్ మొత్తం కొత్తది వేయాలన్నాడు. ఆయన పని రాని మనిషేమీ కాదు. ఆయన విప్పి బిగించిన స్టార్టర్ మోటార్లు మా ఊళ్లో ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. కానీ ఆ టెస్ట్ ల్యాంపు క్లిప్పు పెట్టిన చోటే తిరకాసంతా ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక నేనే పట్టుకుందామని కూర్చున్నాను. వీడియోల్లో వెతికితే ఎక్కువగా అమెరికా వాళ్లవే వస్తాయి. అక్కడ మంచం, వంటిల్లు ఉన్న ట్రావెల్ ట్రైలర్‌ని సొంత బండికి తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. వాళ్ల ట్రైలర్ల బయటి లైట్లకు వచ్చే తిప్పలన్నీ మా తొట్టి తిప్పల్లాగే ఉన్నాయి. ఒక లైటు వేస్తే ఇంకోటి వెలగడం, ఒక పక్క మసకబారడం, గతుకుల్లో వచ్చి పోవడం. బాగుచేసేవాళ్లు చాలామంది మొదట చెప్పేది కూడా ఒకటే: ముందు ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి, చూడు.

అయితే ఆ వీడియోలు చూసి వైర్ల రంగులు నమ్ముకోవద్దు. బండి నుంచి ట్రైలర్‌కి కరెంటు అందించే వాళ్ల ఏడు పిన్నుల ప్లగ్గులో తెల్లది ఎర్తు, గోధుమరంగు టెయిల్ ల్యాంపులు, పసుపు ఎడమ ఇండికేటర్‌కీ బ్రేకుకీ కలిపి, ఆకుపచ్చ కుడి ఇండికేటర్‌కీ బ్రేకుకీ కలిపి. నీలం ట్రైలర్ చక్రాల్లో ఉండే ఎలక్ట్రిక్ బ్రేకులకు. అంటే వాళ్ల చాలా ట్రైలర్లలో బ్రేకు లైటు, ఇండికేటర్ ఒకే ఫిలమెంటు మీద నడుస్తాయి. మన తొట్టికి అవి వేరువేరు. ఇక్కడ దొరికే గుండ్రటి ఏడు పిన్నుల ప్లగ్గు మీద సన్నటి అంకెలుంటాయి, టార్చి వేసి చూస్తే కనబడతాయి. ఒకటి ఎడమ ఇండికేటర్, పసుపు. రెండు వెనక ఫాగ్ ల్యాంపు, నీలం. మూడు ఎర్తు, తెలుపు, పక్కన 31 అని కూడా ఉంటుంది. నాలుగు కుడి ఇండికేటర్, ఆకుపచ్చ. అయిదు కుడి టెయిల్, గోధుమరంగు. ఆరు బ్రేకు, ఎరుపు. ఏడు ఎడమ టెయిల్, నలుపు. రెండు పద్ధతుల్లోనూ తెల్లది ఎర్తే, అదొక్కటే అదృష్టం. మా దగ్గర వేసిన వైరింగైతే ఈ రంగుల్లో ఏదీ పాటించదు. ఇంటి వైరింగులో మిగిలిన ముక్క ఏ రంగుదైతే అదే వేసేస్తారు. కాబట్టి రంగు పక్కన పెట్టి పిన్ను నంబరు పట్టుకోవాలి.

ఇక్కడ కాస్త ఆగి, బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఎందుకు వెలుగుతుందో చెప్పాలి. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

వెనక లైట్లుండే డబ్బాను డూము అంటాం. అందులో టెయిల్‌కీ బ్రేకుకీ కలిపి ఒకే బల్బు ఉంటుంది. అందులో రెండు ఫిలమెంట్లు, ఒకటి 5 వాట్లు, ఇంకోటి 21 వాట్లు. పక్కన ఇండికేటర్‌కి ఇంకో 21 వాట్ల బల్బు. మూడు ఫిలమెంట్లకూ కరెంటు వచ్చే దారులు వేరువేరు, వెళ్లే దారి మాత్రం ఒక్కటే. హోల్డరు రేకులోంచి ఛాసీలోకి, అంటే తొట్టి ఇనుప చట్రంలోకి, అక్కడి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి. దాన్నే ఎర్తు అంటాం. ఆ ఉమ్మడి దారి తెగిపోయిందనుకోండి. బ్రేకు ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటు హోల్డరు దాకా వచ్చి ఆగిపోదు. పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, ఇండికేటర్ వైరు పట్టుకుని ముందుకు పోయి, ట్రాక్టర్‌కున్న ఎడమ ఇండికేటర్ బల్బులోంచి అక్కడి ఎర్తుకు చేరుతుంది. దారిలో ఇన్ని ఫిలమెంట్లు వరసగా అడ్డం ఉండేసరికి వోల్టేజి పంచుకుపోయి అన్నీ సన్నగా వెలుగుతాయి. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడూ ఇదే కథ. ఆ కరెంటు 5 వాట్ల ఫిలమెంటులోంచి టెయిల్ వైరెక్కి కుడి వైపుకు పోతుంది, కుడి టెయిల్ ల్యాంపు దాంతో పాటు కొట్టుకుంటుంది. అంచేత బల్బు మార్చినా, ఫ్లాషర్ మార్చినా, స్విచ్ మార్చినా ఈ రోగం పోదు.

ఇప్పుడు టెస్ట్ ల్యాంపు సంగతి. క్లిప్పు ట్రాక్టర్ బాడీకి పెడితే మనం ట్రాక్టర్‌కున్న మంచి ఎర్తు తెచ్చి ల్యాంపుకు అరువిస్తున్నాం. డూము సొంత ఎర్తు చచ్చిపోయి ఉన్నా టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది. సప్లై ఉందని అది చెప్పింది నిజమే. కానీ ఎర్తు గురించి దాన్ని ఎవరూ అడగలేదు. క్లిప్పు తీసుకెళ్లి అదే హోల్డరు రేకుకు పెట్టి, ముల్లు సప్లై పిన్ను మీద పెట్టి చూడాలి. నేను అలా పెట్టగానే ల్యాంపులో ఎర్రటి గీత తప్ప వెలుగు లేదు.

పనిలోకి దిగాక మొదట చేసింది ట్రాక్టర్‌నీ తొట్టినీ విడదీయడం. రెండూ కలిపి చూస్తే లోపం ఎటు ఉందో తేలదు. ప్లగ్గు పీకేసి, ట్రాక్టర్ సాకెట్టులో టెస్ట్ ల్యాంపు ఒక కొస మూడో కన్నంలో పెట్టి, రెండో కొసతో మిగతా కన్నాలు ఒక్కొక్కటే ముట్టించాను. డ్రైవర్ కుర్రాడు పైన కూర్చుని ఇండికేటర్, బ్రేకు, పార్కింగ్ వరసగా వేస్తూ పోయాడు. అన్నీ చక్కగా వచ్చాయి. దాంతో ట్రాక్టర్ వైపు స్విచ్, ఫ్లాషర్, ఫ్యూజులు అన్నీ మంచివేనని తేలింది. వేల రూపాయల స్విచ్ ఖర్చు అక్కడే తప్పింది.

తర్వాత తొట్టి ఒక్కదాన్నే చూడాలి. ఇంట్లో పాత బైకు బ్యాటరీ ఉంటే ఛార్జి పెట్టి తెచ్చాను. దాని పాజిటివ్ వైరులో 5 ఆంపియర్ల ఫ్యూజు వేసుకున్నాను, ఎక్కడైనా షార్ట్ ఉంటే వైరు కాలకుండా. బ్యాటరీ నెగెటివ్‌ని తొట్టి ప్లగ్గు మూడో పిన్నుకు పెట్టి, పాజిటివ్‌తో ఒక్కో పిన్నూ ముట్టించాను. ఏ లైటూ వెలగలేదు. ఎడమా లేదు, కుడీ లేదు. నెగెటివ్ తీసి ఛాసీ ఇనుము గీకి అక్కడ పెట్టాను. కుడివన్నీ వెలిగాయి, ఎడమ వైపు మళ్లీ ఆ వింత వేషాలే. నెగెటివ్ తీసుకెళ్లి ఎడమ డూము రేకుకే పెడితే ఎడమవి కూడా చక్కగా వెలిగాయి. ఈ మూడు చోట్ల పెట్టి చూడటంతో రోగాలు రెండని తేలిపోయింది. ప్లగ్గు నుంచి ఛాసీకి ఎర్తు లేదు. ఛాసీ నుంచి ఎడమ డూముకు ఎర్తు లేదు.

ప్లగ్గు మూత విప్పాను. ఆరు పిన్నుల దగ్గర స్క్రూలు నల్లబడి, వైరు చుట్టూ పచ్చటి చిలుం పట్టి ఉన్నాయి. మూడో పిన్ను స్క్రూ మాత్రం కొత్తదానిలా తళతళలాడుతోంది. దానికి ఎప్పుడూ వైరు పెట్టనే లేదు. కేబుల్లో తెల్ల వైరు ఉంది. దాన్ని పొట్టిగా కత్తిరించి, వెనక్కి మడిచి, టేపు చుట్టేశారు. ఇనుముకు ఇనుము తగులుతోంది కదా, హుక్కులోంచి ఎర్తు వచ్చేస్తుందిలే అనుకుని ఉంటారు.

హుక్కు ఎర్తు ఎందుకు పనికిరాదో కళ్లారా చూశాను. మన తొట్టి కన్నం హుక్కు పిన్నులో వదులుగా ఆడుతుంది, ఆడాలి కూడా. దానికి గ్రీజు పెడతాం, ఆ గ్రీజులోకి దుమ్ము చేరుతుంది, వానకు తుప్పు పడుతుంది. ట్రాక్టర్ లాగుతున్నప్పుడు కన్నం ముందు అంచు పిన్నుకు గట్టిగా ఆనుకుంటుంది. బ్రేకు తొక్కగానే బరువుతో తొట్టి ముందుకు తోసుకొస్తుంది, పిన్ను ఆ అంచు వదిలి వెనక అంచుకు మారుతుంది. ఆ మారే క్షణంలో తగులు తప్పుతుంది. సరిగ్గా బ్రేకు లైటు కావలసిన క్షణంలోనే ఎర్తు పోతుందన్నమాట. డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి ట్రాక్టర్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించమని, నేను పక్క నుంచి కుడి డూము చూశాను. బాగుందనుకున్న కుడి లైటు కూడా ఆ కుదుపుకు రెప్ప వేసింది.

ఎడమ డూము దగ్గర కూర్చుని విప్పుతుంటే చిన్నాన్న వచ్చి నిలబడ్డాడు. అద్దం తీస్తే లోపల కింద ఒక వేలు ఎత్తున ఎండిన బురద, దాని మీద నీటి గీత. బల్బు తిప్పి లాగితే హోల్డరు స్ప్రింగు ముక్కలై చేతిలోకొచ్చింది. మేము ఎరువు తోలేది కూడా ఇదే తొట్టిలో. గెత్తం నీరు, యూరియా తడి తగిలిన రాగి ఎంతోకాలం నిలవదు. డూము బిగించిన రేకు విప్పి చూస్తే దాని కింద ఛాసీ మీద మెరిసే నీలం రంగు మందంగా ఉంది. బోల్టు కన్నంలోపల కూడా రంగే. ఇనుము ఎక్కడా కనబడదు.

"విశ్వకర్మ పూజకి రంగేయించాం కదరా. అప్పుడే అన్నీ విప్పి మళ్లీ బిగించారు" అన్నాడు చిన్నాన్న. "ఆ ముందర లైట్లకి ఏ గొడవా లేదు."

నిజమే. మా వైపు సెప్టెంబరులో విశ్వకర్మ పూజకు బండ్లన్నీ ముస్తాబు చేస్తారు. కుడి డూము పాత బోల్టుతోనే బిగిసి ఉండిపోయింది, ఎడమది మాత్రం విప్పి, రంగు కొట్టి, రంగు మీదే పెట్టేశారు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరలు ఎక్కడో గీరుకున్న చోట కాస్త తగిలి, గతుకులో ఆ కాస్తా వచ్చి పోతోంది.

మీటరు పెట్టి కూడా చూశాను, ఎందుకంటే కంటికి కనబడని నష్టం అంకెల్లో తెలుస్తుంది. తొట్టి తగిలించి, బ్రేకు తొక్కి ఉంచమని, మీటరు నల్ల వైరు ట్రాక్టర్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర వైరు డూము రేకు మీద పెట్టాలి. ఎర్తు బాగుంటే సున్నాకు దగ్గరగా చూపించాలి. మాకు ఎడమ వైపు ఏడు వోల్టులకు పైన చూపించింది. కుడి వైపు కూడా ఒకటిన్నర ఉంది. ఒకటిన్నరేగా అనిపిస్తుంది. కానీ 12 వోల్టుల బల్బుకు 10.5 అందితే వెలుగు మూడోవంతుకు పైనే తగ్గిపోతుంది. మంచులో ఆ తేడా చాలా పెద్దది. లైటు వేసి లోడు మీద ఉన్నప్పుడే ఈ కొలత తీసుకోవాలి. బల్బు పీకేసి హోల్డరులో మీటరు పెడితే ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా 12 వోల్టులు నిండుగా చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు దాంట్లోంచి కరెంటేమీ పోవడం లేదు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. మూడో రోగం అలాగే దొరికింది. ఎర్తు రెండు చోట్లా తాత్కాలికంగా కలిపాక కూడా బ్రేకు లైట్లు రెండూ కాస్త మందంగానే ఉన్నాయి. బల్బు లేకుండా చూస్తే పన్నెండున్నర, బల్బు పెట్టగానే తొమ్మిది. అంటే బ్రేకు వైరు దారిలో ఎక్కడో నలిగింది. మాది హైడ్రాలిక్ తొట్టి. పైకి లేపి చూస్తే, వెనక హింజి పిన్నులకు మూరెడు ముందు వైరు క్లిప్పు ఊడిపోయి ఛాసీ అంచు మీదకు జారింది. తొట్టి దిగిన ప్రతిసారీ దాని అడ్డ కమ్మీ వైరు మీదే కూర్చుంటోంది. పైతొడుగు చితికి, లోపల రాగి పోగులు సగానికి పైగా తెగి, మిగిలినవి పచ్చబడ్డాయి.

తొట్టి లేపి కింద చెయ్యి పెట్టే ముందు ఒక్క మాట. జాకీ మీద నమ్మకంతో ఎవరూ లోపలికి దూరొద్దు. ఆయిల్ పైపు పగిలినా, సీట్లో ఎవరి మోచెయ్యో లివరుకు తగిలినా తొట్టి దిగిపోతుంది, తప్పుకునే టైముండదు. ఖాళీ తొట్టి అయినా సరే, లావుపాటి దుంగ గానీ ఇనుప స్టాండు గానీ ఛాసీకీ తొట్టికీ మధ్య నిలబెట్టి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే నేను కింద చెయ్యి పెట్టాను.

అతుకులు వేయకుండా వైరింగ్ మొత్తం కొత్తగా లాగాలని నిర్ణయించుకున్నాను. పర్లాకిమిడి కొట్లలో ఏడు కోర్ల కేబుల్ దొరికింది, ప్లగ్గూ దొరికింది. 1936లో ఒడిశాకు గీసిన సరిహద్దు కాగితం మీద ఎలా ఉన్నా, ఆ కొట్లలో ఒడియా, తెలుగు రెండూ చెల్లుతాయి. "ఎర్తు వైరు లావుగా కావాలి" అంటే చాలు. స్లీవులు, వైరు కొసలకు బిగించే మంచి రాగి లగ్గులు అక్కడ నచ్చక, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్లి తెచ్చుకున్నాను.

వైరు లావు గురించి కాస్త పట్టుబట్టాలి. రెండు బ్రేకు బల్బులకు కలిపి 42 వాట్లు, అంటే మూడున్నర ఆంపియర్లు. దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఎర్తు వైరు లెక్క వేరు. బ్రేకు తొక్కి, పార్కింగ్ వేసి, ఇండికేటర్ కూడా వేసి, నంబరు ప్లేటు లైటు వెలుగుతుంటే, అన్నీ కలిపి 78 వాట్లు, ఆరున్నర ఆంపియర్లు ఆ ఒక్క వైరులోంచే వెనక్కి పోవాలి. అందుకని దానికి 2.5 వేశాను. కేబుల్లో తెల్ల కోరు సన్నగా ఉందనిపించి, పక్కనే వేరే వైరు లాగి రెంటినీ మూడో పిన్నులో కలిపి బిగించాను. తప్పనిసరిగా పోగుల వైరే వేయాలి. ఒంటి తీగ వైరు గోడలో బాగుంటుంది, తొట్టి కుదుపులకు లగ్గు దగ్గర పుటుక్కున విరుగుతుంది.

ఎర్తు వైరుని ఛాసీ మీద వదిలేయకుండా రెండు డూముల దాకా తీసుకెళ్లి, ఒక్కో హోల్డరు రేకుకు నేరుగా లగ్గుతో బిగించాను. ఛాసీకి కూడా ఒకచోట కలిపాను. అక్కడ రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి, బోల్టు బిగించాక పైన వాజిలీన్ పూశాను. రంగు కావాలంటే ఆ తర్వాత వేసుకోవచ్చు. కేబుల్‌ని ఛాసీ పై అంచు మీద కాకుండా లోపలి వైపు ప్లాస్టిక్ పైపులో పెట్టి, జానెడుకో క్లిప్పు వేశాను. ఇనుము కన్నాల్లోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్. హుక్కు దగ్గర మలుపులో ట్రాక్టర్ పూర్తిగా తిరిగినా లాగుకోకుండా, అలాగని నేల తగలకుండా ఒక ఉచ్చు వదిలాను. డూముల కింద వైపు చిన్న కన్నం ఉండాలి, నీరు చేరితే కారిపోవడానికి. మాకు ఆ కన్నాలు బురదతో మూసుకుపోయాయి, తీగతో పొడిచి తెరిచాను.

బల్బులు పెట్టేటప్పుడు ఇంకో సంగతి కనబడింది. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనుండే బొడిపెలు ఒకటి ఎత్తుగా, ఒకటి దిగువగా ఉంటాయి, తిరగేసి పెట్టకుండా. కుడి హోల్డరులో ఎవరో ఒంటి ఫిలమెంటు బల్బుని బలవంతంగా తిప్పి పెట్టారు. దాని అడుగున ఉన్న ఒకే పెద్ద చుక్క హోల్డరులోని రెండు పిన్నులకూ తగిలి, బ్రేకునీ టెయిల్‌నీ కలిపేస్తోంది. కుడిది "బాగానే ఉంది" అని ఇన్నాళ్లూ అనుకున్నామే, అక్కడ పార్కింగ్ వేసినప్పుడు వెలుగుతున్నది బ్రేకంత వెలుగు. వెనక వాడికి ఎప్పుడు బ్రేకు పడిందో ఎలా తెలుస్తుంది?

అన్నీ బిగించాక మళ్లీ మీటరు పెట్టాను. బ్రేకు తొక్కితే రెండు డూముల దగ్గరా పావు వోల్టు దగ్గర ఆగింది. సాయంత్రం చీకటి పడ్డాక డ్రైవర్ని పైన కూర్చోబెట్టి, నేను రోడ్డు మీద వెనక్కి నడుచుకుంటూ పోయాను. 155 మీటర్లంటే నా అడుగుల్లో రెండు వందల పైనే. అక్కడ నిలబడి ఫోన్లో, "బ్రేకు తొక్కు, వదులు, ఎడమ వెయ్యి, కుడి వెయ్యి" అని చెబుతుంటే ఒక్కోటీ విడివిడిగా, దేనిపని అది చేస్తూ కనబడ్డాయి. హుక్కు దగ్గర తొట్టిని ముందుకూ వెనక్కూ ఆడించినా రెప్ప వేయలేదు.

ఎల్ఈడీ పెట్టొచ్చు కదా అని మా బావ అడిగాడు. పెట్టొచ్చు, కరెంటు చాలా తక్కువ తింటుంది, కుదుపులకు ఫిలమెంటు తెగే భయం లేదు. కానీ రెండు సంగతులున్నాయి. ఇండికేటర్లకు పెడితే బల్బుల కోసం చేసిన ఫ్లాషర్ సరిగా కొట్టదు, ఎల్ఈడీకి తగ్గ ఫ్లాషర్ కూడా వేయాలి. రెండోది, ఎర్తు పాడైన వైరింగు మీద ఎల్ఈడీ పెడితే అది ఆ కాస్త కరెంటుతోనూ వెలిగి రోగాన్ని కప్పేస్తుంది. ముందు వైరింగు బాగుచేసి తర్వాత ఏది పెట్టినా మంచిదే.

లైట్లతో పాటు తొట్టి వెనక తలుపుకు రెండు చివర్లా, అడుగు కమ్మీకి బారుగా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించాను. బ్యాటరీ దిగిపోయి బండి రోడ్డు మీద ఆగిపోయిన రాత్రి లైట్లు ఎంత బాగున్నా వెలగవు. టేపుకు కరెంటు అక్కర్లేదు. బురద మాత్రం తుడవాలి. డ్రైవర్ కుర్రాడికి ఒక గుడ్డ ఇచ్చి టూల్ బాక్సులో పెట్టించాను. ఇప్పుడు ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ వెనక్కెళ్లి డూములూ టేపూ తుడిచి, నన్ను గానీ ఇంకెవరినైనా గానీ పిలిచి ఒకసారి బ్రేకు తొక్కి చూపిస్తున్నాడు.

మండిలో వరసలో నిలబడ్డప్పుడు పక్క తొట్ల వాళ్లతో ఈ మాట వచ్చింది. తలుపు దగ్గర కబుర్లు చెప్పుకుంటూనే కొందరి ప్లగ్గు మూతలు విప్పి చూశాం. మూడో పిన్ను ఖాళీగా ఉన్నవే ఎక్కువ కనబడ్డాయి. ఒకాయన, "లైటు వెలుగుతోంది కదా, ఎందుకు కదపడం" అన్నాడు. హుక్కు దగ్గర తొట్టిని కాస్త తోసి చూపించాను. లైటు ఆరి వెలగడం చూసి మాట్లాడకుండా తెల్ల వైరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మా బావ తొట్టి మా వాకిట్లో ఉంది. దానికి ప్లగ్గు కూడా లేదు. టూల్ బాక్సులోంచి రెండు వైర్లు నేరుగా వెనక్కి లాగి, టెయిల్ ఒక్కటే వెలిగించుకుంటున్నారు. బ్రేకు లైటు, ఇండికేటర్లు ఎప్పుడూ లేవట. ఏడు కోర్ల కేబులూ, సాకెట్టూ, ప్లగ్గూ తెమ్మని కుర్రాణ్ని పర్లాకిమిడి పంపించాను. ఈలోగా డూముల కింద రంగు గీకుతున్నాను.